ఊడిన క్యాప్‌ని తిప్పి లోపల చూడండి

ప్రశ్న: పై వరుసలో ముందు పన్నుకు ఆర్నెల్ల కిందట సిరామిక్ క్యాప్ వేయించుకున్నాను. ఇప్పటికి రెండుసార్లు ఊడింది. విరగలేదు, పెట్టింది పెట్టినట్టే చేతిలోకి వచ్చేసింది. డాక్టరు గారు "మళ్లీ అతికిద్దాం, ఈసారి సిమెంటు మారుస్తా" అంటున్నారు. వచ్చే నెల మా అబ్బాయి పెళ్లి, ఒకటే టెన్షన్‌గా ఉంది. అందాకా ఫెవిక్విక్‌తో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఫెవిక్విక్ మాత్రం వద్దండి. వంకరగా అతుక్కుందంటే తీయడం నరకం, పైగా దాని పొర లోపల ఉండిపోతే అసలు సిమెంటు పట్టాల్సిన చోటే పాడవుతుంది. క్యాప్‌ని చిన్న డబ్బాలో దాచండి, పిన్నుతోనో బ్లేడుతోనో గీకకండి. వదులుగా తగిలించుకుని నిద్రపోవద్దు, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ఇంకోటి, పన్ను జివ్వుమంటోందని లవంగ నూనె రాశారా? రాస్తే డాక్టరుకి చెప్పండి, అందులోని యూజినాల్ అనే పదార్థం, క్యాప్ అతికించే రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది) సిమెంటును సరిగ్గా గట్టిపడనివ్వదు.

ఇప్పుడు క్యాప్‌ని వెలుతురులో తిప్పి లోపలికి చూడండి. సిమెంటు ఆనవాలే లేకుండా నున్నగా ఉందా? అయితే సిమెంటు పన్నుని పట్టుకునే ఉంది, క్యాప్‌ని వదిలేసింది. సిమెంటంతా క్యాప్‌లోనే ఉంటే పన్ను వైపు తేడా జరిగింది. మొదటిదైతే ఎంత ఖరీదైన సిమెంటు తెచ్చినా లాభం లేదు, లోపలివైపుని తయారు చేయకుండా పెడితే మళ్లీ ఊడుతుంది.

నున్నటి కాంక్రీటు స్తంభానికి మేస్త్రి నేరుగా ప్లాస్టరింగ్ చేయడు, ముందు ఉలితో గాట్లు పెడతాడు. ఇక్కడా అంతే, కాకపోతే ఉలి బదులు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. ముందు పళ్లకు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్ సిరామిక్‌లో సన్నటి స్ఫటికాలు, వాటి మధ్య గాజు ఉంటాయి. 5 శాతం యాసిడ్ 20 సెకన్లు పెడితే పైపైన గాజు కరిగి స్ఫటికాలు సూదుల్లా పైకి తేలతాయి, ఆ సందుల్లోకి సిమెంటు దిగి గట్టిపడుతుంది. కడిగి ఆరబెట్టాక లోపల తెల్లగా, మెరుపు లేకుండా కనిపించాలి. ఇదంతా నోటి బయటే చేయాలి, ఆ యాసిడ్ చిగురుకి తగిలితే లోతుగా కాలుస్తుంది.

గాట్లు ఒక్కటే చాలవు. ఆ తర్వాత సైలేన్ అనే ద్రవం పూస్తారు. దాని అణువు ఒక కొస గాజులోని సిలికాను పట్టుకుంటుంది, రెండో కొస సిమెంటులోని రెజిన్‌తో కలిసి గట్టిపడుతుంది. నీళ్లలా తేటగా ఉండే సైలేన్ సీసాలోనే పాలలా మసకబారిందంటే దాన్ని పారేయాల్సిందే, పని చేయదు. పంటి ఎనామిల్‌ని యాసిడ్‌తో గరుకు చేసి అతికించొచ్చని మైకేల్ బ్యూనకోర్ 1955లోనే చూపించారు, పింగాణీ వెనీర్లకు, అంటే పన్ను ముందువైపు అతికించే పలచటి పెంకులకు, ఈ పద్ధతి 1980ల మొదట్లో వచ్చింది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ మూడో వారానికే వెనీర్‌ని టిష్యూ కాగితంలో చుట్టి తెచ్చారు. విప్పి చూస్తే లోపల అద్దంలా మెరుస్తోంది. యాసిడ్ ల్యాబ్‌లో పెట్టే పంపారనుకున్నాను నేను, డాక్టరే పెట్టుకుంటారని వాళ్లు వదిలేశారు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆ రోజు నుంచి ల్యాబ్ నుంచి ఏది వచ్చినా లోపల లూప్స్ (పెద్దదిగా చూపించే కళ్లద్దాలు) పెట్టుకుని చూడందే ముట్టుకోను.

అందుకే మీరు డాక్టరు గారిని నేరుగా అడగండి, ఇందులో మొహమాటపడాల్సింది లేదు: లోపల యాసిడ్, సైలేన్ ఎవరు పెట్టారు, సరిపోతుందో లేదో నోట్లో పెట్టి చూసి తీశాక మళ్లీ శుభ్రం చేశారా, అతికించేటప్పుడు ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు కడతారా అని. రెండోసారి ఊడింది కాబట్టి పాత సిమెంటు తీసేసి, ఈ పనంతా మొదటి నుంచి చేయాలి. పెళ్లికి నెల టైముంది కదా, ఈ వారమే వెళ్లండి, అప్పుడు క్యాప్ నిలుస్తోందో లేదో చూసుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.

ప్రశ్న: నాది దవడ పన్నుకి జిర్కోనియా క్యాప్. ఊడితే లోపల నీలం రంగు జెల్ రాసి, కడిగి పెట్టారు. రెండు నెలల్లో మళ్లీ వచ్చేసింది. జెల్ వల్లేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కావచ్చు. నీలం జెల్ సాధారణంగా ఫాస్ఫారిక్ యాసిడ్, పన్నుకి మంచిదే కానీ జిర్కోనియా లోపల పనికిరాదు. జిర్కోనియాలో గాజు లేదు కనక పైన చెప్పిన సైలేన్ లెక్క దీనికి వర్తించదు. 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని తక్కువ ప్రెషర్‌తో చిమ్మి గరుకు చేసి, ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్ ఉన్న ప్రైమరో సిమెంటో వాడాలి. జిర్కోనియాని పట్టుకునేది ఆ ఫాస్ఫేటే. ఉమ్మిలోనూ ఫాస్ఫేట్లుంటాయి, జెల్‌లోనూ ఉంటాయి, అవి ముందే వెళ్లి కూర్చుంటే ఎండీపీకి చోటు దొరకదు. నోట్లో పెట్టి చూశాక మళ్లీ పొడి చిమ్మాలి, లేదా జిర్కోనియా కోసమే వచ్చే క్లీనింగ్ పేస్టు వాడాలి.

అయితే క్యాప్ కోసం అరగదీశాక పన్ను మొదలు ఎంత ఎత్తు మిగిలిందో కూడా అడగండి. సరిపడా ఎత్తుండి గోడలు నిటారుగా ఉంటే మామూలు గ్లాస్ అయనోమర్ సిమెంటుతోనే జిర్కోనియా ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొట్టిగా, పైకి సన్నబడిన మొదలైతే మాత్రం భారమంతా ఈ అతుకు మీదే పడుతుంది.