లిపిడ్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఉద్యోగం వస్తుందా?

గుంటూరు నుంచి ఒక నాన్నగారి ప్రశ్న: అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది, టీ సెల్స్ (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కొవ్వుల్ని, అంటే లిపిడ్లని, ఎలా గుర్తుపడతాయో దాని మీదే పీహెచ్‌డీ అంటోంది, ఇంత చిన్న టాపిక్ పట్టుకుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారు అని.

టాపిక్ అంత చిన్నదేం కాదండీ. టీ సెల్ అంటే ఎమ్‌హెచ్‌సీ (కణం పైన ఉండే ఒక మాలిక్యూల్) చూపించే ప్రోటీన్ ముక్కల్నే పట్టుకుంటుందని మనందరం బట్టీ కొట్టాం కదా, కానీ 1994లో బోస్టన్‌లో బ్రెన్నర్ అనే సైంటిస్ట్ గ్రూపు వాళ్లు టీబీ బ్యాక్టీరియా గోడలో ఉండే మైకాలిక్ యాసిడ్ అనే లిపిడ్‌ని సీడీ1బీ అనే మాలిక్యూల్ టీ సెల్స్‌కి చూపిస్తుందని తేల్చారు. సీడీ1బీలో లోతైన గాడి ఉంటుంది, లిపిడ్ తోకలు అందులోకి దూరిపోతాయి, తల మాత్రం పైకి కనపడుతుంది, టీ సెల్ ముఖ్యంగా చూసేది ఆ తలనే. పైగా ఎమ్‌హెచ్‌సీ మనిషి మనిషికీ మారిపోతుంది, సీడీ1 కుటుంబం (సీడీ1ఏ, బీ, సీ, డీ వగైరా) మాత్రం దాదాపు అందరికీ ఒకటే, అందుకే టీకాల వాళ్లకి దీని మీద ఆశ.

అసలు చూసుకోవాల్సింది ల్యాబ్. ఎలుకలకి సీడీ1డీ ఒక్కటే ఉంటుంది, ఏ, బీ, సీ లేవు, కాబట్టి టీబీ లిపిడ్ల పని చేయాలంటే మనుషుల రక్తం కావాలి, లేదా మనిషి జీన్లు పెట్టిన ప్రత్యేక ఎలుకలు కావాలి. ఆ ల్యాబ్‌కి హాస్పిటల్‌తో లింక్ ఉందా, ఎథిక్స్ పర్మిషన్ వచ్చేసిందా, ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కపెట్టే మెషీన్) కోసం ఎన్ని రోజులు ఆగాలి, మాస్ స్పెక్ (మాలిక్యూల్స్ బరువు కొలిచి ఏవో తేల్చే మెషీన్) దగ్గర్లో ఉందా, ఇవన్నీ అక్కడి పీహెచ్‌డీ పిల్లల్నే అడగమనండి, సార్‌ని అడిగితే అన్నీ ఉన్నాయనే చెప్తారు!

ఉద్యోగం సంగతికొస్తే, హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీ వాళ్లు సీడీ1 గురించి అడగరు, ఫ్లో సైటోమీటర్‌లో వాడే రంగుల ప్యానెల్ నువ్వే డిజైన్ చేశావా, టీ సెల్స్ కల్చర్ చేశావా, డేటా నువ్వే చూసుకోగలవా అంటారు, ఈ పనిలో అవన్నీ చేతికొస్తాయి. కానీ అయిదారేళ్లు పడుతుంది, మధ్యలో సంబంధాలు చూడటం మొదలుపెట్టి తొందరపెట్టకండి.

సీఎస్‌ఐఆర్ నెట్, ఐసీఎమ్‌ఆర్, డీబీటీ జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) పరీక్షలు వీలైతే మూడూ రాయించండి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ వేరే, మీరు రూపాయి పంపక్కర్లేదు. ఈలోపు నాలుగో సెమ్ ప్రాజెక్ట్ బయట ల్యాబ్‌లో చేయనిస్తారేమో కాలేజీలో కనుక్కోండి, ఇస్తానంటే టీబీ ఇమ్యునాలజీ ల్యాబ్‌లకి ఇప్పుడే మెయిల్స్ పెట్టమనండి, చాలామంది రిప్లై ఇవ్వరు, పది రోజులాగి మళ్లీ పెట్టాలి.