వార్డెన్ సంతకం చెల్లుతుందా?

ప్రశ్న: పీహెచ్‌డీ కోసం గిరిజన సంక్షేమ హాస్టల్లో 13–15 ఏళ్ల బాలికల్లో రక్తహీనతపై సర్వే చేయాలి. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీస్తాం. ఊళ్లు దూరం. సమ్మతి పత్రంపై వార్డెన్ గారితో సంతకం పెట్టించుకోవచ్చా?

జవాబు: కూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా) అధ్యయనంలో జరిగింది ఇదే. చాలామంది బాలికలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, ఇలాంటి స్వల్ప ప్రమాదమున్న పనికి తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి సాధారణంగా సరిపోతుంది. ఆ అమ్మాయి కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అమ్మ సరేనన్నా పాప వద్దంటే మానేయాల్సిందే. తల్లికి చదువు రాకపోతే, మీ బృందానికి సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ పక్కనే ఉండి, అంతా విని, ఆమె వేలిముద్ర పక్కన సంతకం చేయాలి. ఇంట్లో కోయ మాట్లాడితే కోయలోనే వివరించండి. సెలవులకు పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు వచ్చే రోజు ఇందుకు అనువైనది.

హిమోగ్లోబిన్ 8 గ్రాముల లోపు వస్తే ఆ పాపను ఏ పీహెచ్‌సీకి, ఎవరు, ఎప్పటిలోగా తీసుకెళ్తారో ఎథిక్స్ కమిటీకి (పరిశోధన నైతికంగా సరైనదో కాదో చూసే సంఘానికి) ఇచ్చే దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ఎథిక్స్ కమిటీ ఆమోదపత్రం చేతికొచ్చాకే హాస్టల్ గడప తొక్కండి. రక్తం తీసేశాక అడిగితే ఆమోదం రాదు.