జార్జియాలో మొదటి ఓటు: మా చెల్లెలి కొడుక్కి ఒక ఉత్తరం

చిన్నా,

అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం అయిపోయిందని మీ అమ్మ చెప్పింది, సర్టిఫికెట్ పట్టుకుని దిగిన ఫొటో కూడా పంపింది. చాలా సంతోషం. నవంబర్ 3న మొదటిసారి ఓటెయ్యబోతున్నావు, అదీ జార్జియాలో. "నువ్వు బూత్‌లో కూర్చుంటావుగా అక్కా, వాడికి నాలుగు మాటలు చెప్పు" అంది. ఫోన్లో చెబితే ఆఫీసు మీటింగ్ మధ్యలో ఊ కొట్టి వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఎవరికి వెయ్యాలో మాత్రం నన్నడగొద్దు. పోల్ వర్కర్లం బూత్‌లో ఆ మాట ఎత్తకూడదు. నాకది ఇంట్లో కూడా అలవాటైపోయింది. మీ పెద్దనాన్నకే ఇంతవరకూ చెప్పలేదు, ఆయన అడగడం మానేశారు.

ముందు నీ లైసెన్స్ బయటికి తీసి చూడు. సిటిజన్‌వి కాని రోజుల్లో తీసుకున్న లైసెన్స్ అది. ఆ రోజుల వివరాలే లైసెన్సులిచ్చే డీడీఎస్ ఆఫీసు వాళ్ళ దగ్గర అలా ఉండిపోతాయి. కొన్ని కార్డుల మీద 'లిమిటెడ్ టర్మ్' అని అచ్చయి ఉంటుంది కూడా. నువ్వు ప్రమాణం చేశావన్న కబురు వాళ్ళకి దానంతట అది చేరదు. ఓటరుగా నమోదు చేసుకుంటే రెండు రికార్డులూ పోల్చి చూసి, 'ఇతను సిటిజన్ అవునో కాదో' అని నీ దరఖాస్తు పక్కన పెట్టే అవకాశం ఉంది. అందుకని సర్టిఫికెట్టో, కొత్త పాస్‌పోర్టో పట్టుకుని డీడీఎస్‌కి వెళ్ళి లైసెన్స్ మార్పించుకో. ఈలోగా కౌంటీ నుంచి రుజువు అడుగుతూ ఉత్తరం వస్తే కంగారు పడకు, అదే సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుంది. పేరు విషయం ఇంకోటి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందుంటాయి, ఇంకో కాగితంలో వెనక, మూడో దాంట్లో ఒక్క అక్షరమే. లైసెన్స్ మీద ఎలా ఉందో ఓటరు దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి. నమోదుకి ఆఖరు తేదీ అక్టోబర్ 5. నమోదయ్యాక కూడా రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్ 'మై ఓటర్ పేజ్'లోకి వెళ్ళి పేరు ఎదురుగా 'యాక్టివ్' అని ఉందో లేదో చూసుకో, ఎన్నిక దగ్గరపడ్డాక మళ్ళీ ఒకసారి చూడు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ ఒక ఓటరు ఎంతమంది ఓటర్ల అర్హతనైనా సవాలు చేయొచ్చు, లెక్కకి పరిమితి లేదు. మన కౌంటీలో అలాంటివి చాలానే వచ్చాయి.

కోడలికి మాత్రం గట్టిగా చెప్పు. తనది ఇంకా గ్రీన్‌కార్డే కదా. లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు అదే కాగితంలో, అదే తెర మీద ఓటరు నమోదు ప్రశ్న కూడా ఉంటుంది. క్యూలో వెనకాల జనం ఉన్నారని చదవకుండా సంతకం పెట్టెయ్యకూడదు. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని రాయడం పొరపాటున జరిగినా దేశం నుంచి పంపించేసేదాకా పోతుంది. ఇన్నేళ్ళు పడిన తిప్పలు ఒక్క టిక్కుతో పోగొట్టుకోవద్దు.

ఇక నీ ఫోన్ సంగతి. నమోదైన మర్నాటి నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. ఎందుకంటే మనది అటో ఇటో తేలని రాష్ట్రం. 2020లో దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే బైడెన్‌కీ ట్రంప్‌కీ మధ్య తేడా 11,779. మన రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ రాఫెన్స్‌పర్గర్‌కి ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్న సంగతి నీకు తెలిసిందే. 2024లో అదే ట్రంప్ ఇక్కడ లక్షకు పైగా తేడాతో గెలిచాడు. వీటికంటే నన్ను ఆలోచింపజేసింది 2022. గవర్నరుగా రిపబ్లికన్ కెంప్ సునాయాసంగా నెగ్గాడు. అదే రోజు, అదే కాగితం మీద సెనేట్‌కి నిలబడ్డ అదే పార్టీ వాకర్‌కి కెంప్ కంటే రెండు లక్షల ఓట్లు తక్కువ వచ్చాయి. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మళ్ళీ పెట్టే పోటీని రనాఫ్ అంటారు. నెల తర్వాత జరిగిన ఆ రనాఫ్‌లో డెమోక్రాట్ వార్నాక్ గెలిచాడు. పార్టీ పేరు చూసి గీత గీసేయకుండా మనిషిని చూసి వేసేవాళ్ళు ఇక్కడ అంతమంది ఉన్నారు. పార్టీలు కోట్లు కుమ్మరించేది వాళ్ళ కోసమే. ఈసారి కెంప్ రెండు టర్ములూ అయిపోయి గవర్నరు కుర్చీ ఖాళీ అవుతోంది, ఆసాఫ్ సెనేట్ సీటు కూడా బరిలో ఉంది. టీవీ పెట్టలేవు చూడు.

దీనికో చిట్కా ఉంది. ఎవరు ఓటేశారన్నది ఇక్కడ బహిరంగ సమాచారం. ఎవరికి వేశారన్నది కాదు, వేశారా లేదా అన్నదే. ఎర్లీ ఓటింగ్, అంటే ఎన్నిక రోజుకి ముందే ఓటేసే వీలు, నడుస్తున్నన్నాళ్ళూ ఆ జాబితా ఏ రోజుకారోజు బయటికి వస్తుంది, పార్టీల వాళ్ళు నీ పేరు కొట్టేస్తారు. అక్టోబర్ నడిమిలో ఎర్లీ ఓటింగ్ మొదలవగానే వెళ్ళి వేసేయ్. తలుపు కొట్టేవాళ్ళూ మెసేజ్‌లు పెట్టేవాళ్ళూ చాలావరకు తగ్గుతారు. పైగా ఎర్లీ ఓటింగ్‌లో కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్ళొచ్చు. నవంబర్ 3న మాత్రం నీకు కేటాయించిన బూత్‌కే వెళ్ళాలి. అక్కడ ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా. ఏడింటికల్లా క్యూలో ఉంటే చాలు, తొమ్మిదైనా వేయనిస్తారు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. మనవాళ్ళు బూత్‌కి వచ్చి పైనున్న రెండు పేర్లకి వేసి, కింద ఉన్నవన్నీ ఖాళీగా వదిలేసి వెళ్ళిపోతారు. పై రెండిటి గురించి దేశమంతా చూసుకుంటుంది. నీ ఓటుకి ఎక్కువ బలం ఉండేది కిందే. పబ్లిక్ సర్వీస్ కమిషన్ అని ఒకటుంది, అయిదుగురు సభ్యులు. జార్జియా పవర్ కంపెనీ కరెంటు ధర ఎంతుండాలో వాళ్ళే ఒప్పుకోవాలి. ఓగ్టల్ అణు కేంద్రంలో కొత్త యూనిట్ల ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు దాటి జనం బిల్లుల్లోకి ఎక్కింది. ఏళ్ళ తరబడి ఆ సభ్యుల పేర్లు ఎవరికీ తెలియవు. 2025 నవంబర్‌లో అందులో రెండు సీట్లకి ఎన్నిక వస్తే ఇద్దరు డెమోక్రాట్లు పెద్ద తేడాతో గెలిచారు. కరెంటు బిల్లు మండితే ఓటరు ఎక్కడికి వెళ్తాడో అప్పుడు తెలిసింది. ఈసారి కూడా కమిషన్ సీట్లు బ్యాలట్ మీద ఉన్నాయి. 'మాది సానీ ఈఎంసీ పెద్దమ్మా, మాకేంటి' అంటావని తెలుసు. నిజమే, మన కమ్మింగ్ వైపు కరెంటు ఆ సహకార సంఘానిది, దాని ధర కమిషన్ చేతిలో లేదు. అయినా ఆ ఓటు రాష్ట్రమంతటికీ కలిపే వేస్తారు, నీ చేతికి ఇచ్చే కాగితంలోనే ఉంటుంది.

ఇంకా కిందికి వెళ్తే రాష్ట్ర సెనేటూ, హౌసూ వస్తాయి. జీఏ 400 మీద కొత్త టోల్ లేన్ల గురించి నువ్వు రోజూ తిట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రాష్ట్ర రోడ్ల బోర్డు సభ్యుల్ని ఎన్నుకునేది ఈ శాసనసభ్యులే. చివర్లో రాజ్యాంగ సవరణలూ, స్ప్లాస్ట్ అనే, కౌంటీ పనుల కోసం అమ్మకాల మీద వేసే పెన్నీ పన్ను లాంటివీ వచ్చినప్పుడు ప్రశ్న మెలికలు తిరిగి ఉంటుంది. నమూనా బ్యాలట్ మై ఓటర్ పేజ్‌లోనే దొరుకుతుంది, ముందు రాత్రి ఇంట్లో కూర్చుని చదువుకో. గుర్తులు రాసుకున్న కాగితం లోపలికి తెచ్చుకోవచ్చు. ఫోన్లో చూస్తానంటే మాత్రం మేం ఒప్పుకోం.

వచ్చేసారికి మే నెల గుర్తుపెట్టుకో. జార్జియాలో పార్టీ సభ్యత్వం నమోదు ఉండదు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలట్ కావాలో అక్కడే అడిగి తీసుకుంటావు. మన ఫోర్సైత్‌లో కౌంటీ కమిషనర్ల పదవులు చాలావరకు రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోతాయి, నవంబర్‌కి మిగిలేది లాంఛనం. కాబట్టి నువ్వు నవంబర్‌లో ఎటు వేసినా, పోటీ ఎక్కడుందో ఆ బ్యాలట్ అడుగు. ఏది అడిగావో రికార్డులో పడుతుంది, పడనీ. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలతో సహా పార్టీ లేని పదవుల ఎన్నిక కూడా మేలోనే అయిపోతుంది. అది తెలియక నవంబర్‌లో వచ్చి జడ్జీలెక్కడని అడిగినవాళ్ళున్నారు.

మనవాళ్ళ మీటింగుల గురించి కూడా చెప్పాలి. సెప్టెంబర్ నుంచి జాన్స్ క్రీక్, సువానీ బేస్‌మెంట్లలో 'మీట్ అండ్ గ్రీట్'లు మొదలవుతాయి. అభ్యర్థి వస్తాడు, నమస్తే అంటాడు, సమోసా చేతిలో పట్టుకుని అందరితో ఫొటో దిగుతాడు. 'మన తెలుగువాళ్ళ ఓట్లన్నీ మీకే సార్' అని సంఘం పెద్ద ఒకాయన హామీ ఇచ్చేస్తాడు. నీ ఓటు ఇవ్వడానికి ఆయనెవరు? ఆ ఆంధ్ర రాజకీయాలూ, కులం లెక్కలూ అట్లాంటాలో విమానం దిగాక కూడా మోసేవాళ్ళని చూసి నాకు విసుగు పుట్టింది. నువ్వు వెళ్తే వెళ్ళు, వెళ్ళి ఒక్క ప్రశ్న అడుగు. రాష్ట్ర సెనేట్‌కి నిలబడ్డవాడిని గ్రీన్‌కార్డు క్యూ గురించి అడిగి ప్రయోజనం లేదు, అది వాషింగ్టన్ పని. బడుల నిధుల గురించి అడుగు, టోల్ లేన్ల గురించి అడుగు. జవాబు దొరక్కపోతే ఆ తడబాటైనా చూస్తావు. విరాళం సంగతికొస్తే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. హెచ్1బీ మీద ఉన్న నీ స్నేహితులు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. బల్ల మీద పెట్టిన విరాళాల కోడ్‌ని ఊరికే స్కాన్ చేసేయొద్దని వాళ్ళకి చెప్పు. జీతం లేకుండా వాలంటీర్‌గా ఫోన్లు చేసిపెట్టడానికైతే అడ్డం లేదు.

బూత్‌లో లైసెన్స్ చూపిస్తావు, గడువు దాటిన జార్జియా లైసెన్స్ అయినా పనికొస్తుంది. నేను పనిచేసిన ఎన్నికల్లో అయితే కార్డొకటి ఇచ్చి టచ్ స్క్రీన్ దగ్గరికి పంపేవాళ్ళం. అందులో ఎంచుకున్నాక కాగితం అచ్చయి వస్తుంది. అక్కడే మనవాళ్ళ తొందరంతా. ఆ కాగితం చదవరు. కొందరైతే అయిపోయిందనుకుని దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తలుపు దాకా వచ్చేస్తారు, మేం వెనకాల పరుగెత్తాలి. ఆ కాగితం స్కానర్‌లో పడితేనే ఓటు. పడేసే ముందు పేర్లు ఒక్కొక్కటీ చదువుకో. తప్పుంటే స్కానర్‌లో పెట్టకముందే మమ్మల్ని పిలువు, కొత్తది ఇస్తాం. లోపల ఫొటోలు తీయకూడదు. పీచ్ బొమ్మ స్టిక్కర్ ఇస్తారు, బయటికొచ్చి దానితో ఎన్ని సెల్ఫీలైనా దిగు. పార్టీ పేరున్న టోపీ, టీషర్టు వేసుకుని రావద్దు.

ఐడీలూ, పోస్టల్ బ్యాలట్లు వేసే డ్రాప్ బాక్సులూ, క్యూలో ఉన్నవాళ్ళకి నీళ్ళ సీసా ఇవ్వొచ్చా కూడదా అన్నదానికి ఇక్కడ ఇంత గొడవెందుకని నీకనిపిస్తుంది. మనం ఇళ్ళు కొనుక్కున్న ఈ ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని తరిమేశారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఇక్కడ నడక పెడితే రాళ్ళు వేశారు. వారం తిరక్కుండా దాదాపు ఇరవై వేలమంది వచ్చి మళ్ళీ నడిచారు. యాభై శాతం దాటకపోతే రనాఫ్ అన్న నిబంధన కూడా 1964లో వచ్చిందే. నల్లవాళ్ళంతా ఒకరికే వేసి, తెల్లవాళ్ళ ఓట్లు చీలితే ఎలాగన్న భయమే దాని వెనకున్నది. ఆ చరిత్ర తెలిసినవాళ్ళు ప్రతి చిన్న మార్పునీ భూతద్దంతో చూస్తారు. నువ్వు ఏ పక్షమైనా, ఆ అనుమానాన్ని తీసిపారెయ్యకు.

ఆ రనాఫే నీకు అడ్డం రావచ్చు. 2020లో రిపబ్లికన్ సెనేటర్ పెర్డ్యూ 49.7 శాతం దగ్గర ఆగిపోయాడు, మూడో పార్టీ మనిషి రెండు శాతం పట్టుకుపోయాడు. తర్వాత రనాఫ్‌లో పెర్డ్యూ ఓడాడు, సెనేట్ మొత్తం చేతులు మారింది. ఈసారి రనాఫ్ పడితే డిసెంబర్ 1న. మీరేమో థాంక్స్‌గివింగ్ సెలవులు కలుపుకుని ఇండియా వెళ్దామనుకుంటున్నారట. పోస్టల్ బ్యాలట్ ఎన్నిక రోజు సాయంత్రం ఏడింటికల్లా కౌంటీకి చేరాలి. నాలుగు వారాల వ్యవధిలో అది గుంటూరు వెళ్ళి తిరిగి రావడం నేను నమ్మను. టికెట్లు డిసెంబర్ 2 తర్వాతకి చూసుకోండి, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

లైసెన్స్ పని అవగానే ఒక మెసేజ్ పెట్టు.

ఇట్లు
మీ పెద్దమ్మ