ఇంజిన్ సంగతి తర్వాత, ముందు చైన్ చూడండి

పాత బండ్ల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట. చిన్నప్పటి నుంచి మిలటరీ బండ్లంటే నాకు ప్రాణం. ఒక పాత ఇనుము యార్డులో బ్రెన్ గన్ క్యారియర్ చూశాను, చైన్ల మీద నడిచే చిన్న బండి. పోలీస్ యాక్షన్‌లో తిరిగిన బండి అని ఓనర్ అంటున్నాడు. ఇంజిన్‌కు కొంచెం పని చేయిస్తే చాలు స్టార్ట్ అవుతుందట, నాలుగు లక్షలు చెప్తున్నాడు. కొనొచ్చా? బాగు చేయించి మేడారం జాతరకు నడుపుకుంటూ పోవాలని ఆశ.

జవాబు: కొనొచ్చు. కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పూట ఆ బండి పక్కన నేల మీద కూర్చోండి. కొనేవాళ్లందరూ ముందు ఇంజిన్ దగ్గరికే పోతారు. చైన్ బండికి ఖర్చంతా కింద ఉంటుంది, మన దగ్గర వరికోతలకు వచ్చే చైన్ మిషన్ల ఓనర్లను అడిగినా ఇదే చెప్తారు.

యార్డు ఆయన ఒప్పుకుంటే చైన్‌లో లింకులను కలిపే పిన్ను ఒకటి కొట్టించి బయటికి తీయండి. బాగున్న పిన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లావు ఉంటుంది. అరిగిన పిన్నును చేత్తో తడిమితే చెరుకు గడ కణుపుల్లా ఎత్తుపల్లాలు తగులుతాయి. అట్లాంటి పిన్ను వచ్చిందంటే దాని రంధ్రాలు కూడా కోడిగుడ్డు ఆకారానికి సాగి ఉంటాయి. ఒక్కో లింకు దగ్గర కొంచెం సాగినా చైన్ మొత్తానికి జానెడు పొడవు పెరుగుతుంది, ఇక అది స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్ల మీద సరిగా కూర్చోదు. పళ్లు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగాయేమో చూడండి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే కొత్తదాన్ని కూడా తినేస్తుంది, కాబట్టి రెండూ కలిపే లెక్క వేసుకోవాలి. చక్రాల మీది రబ్బరు పెచ్చులు ఊడిందా, స్ప్రింగులు విరిగాయా అన్నది కూడా అప్పుడే చూసేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పదేళ్ల కింద నేను ఒక పాత చైన్ డోజర్ కొన్నాను, ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఇక కింద వంగి చూడనేలేదు. ఇంటికి తెచ్చిన మూడో రోజు చెల్క భూమిలో మలుపు తిప్పుతుంటే చైన్ ఊడి పక్కన పడింది. చైన్లు, స్ప్రాకెట్లు, రోలర్లు మార్చేసరికి బండి కొన్న ధర దాటింది. ఆ బాధ మీకు వద్దు.

మీ క్యారియర్‌కు ఒక మంచి సంగతి ఉంది. 1934 నుంచి 1960 దాకా బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో కలిపి సుమారు 1,13,000 తయారయ్యాయి, అందుకే బయటి దేశాల్లో ఇప్పటికీ పార్టులు దొరుకుతాయి. అయితే చైన్ అంటే ఇనుము, ఓడ కిరాయి బరువును బట్టి పడుతుంది. ఆర్డర్ పెట్టే ముందు గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లలో డోజర్లు చూసి రిటైరైన ఫిట్టర్ దొరుకుతాడేమో వెతకండి. కొత్త పిన్నులు లేత్ మీద టర్నింగ్ చేయించి, ఏ గట్టితనానికి హీట్ ట్రీట్‌మెంట్ ఇవ్వాలో చెప్పగలిగేది వాళ్లే. ఆ చేతిపనికి నేను దండం పెడతాను.

ఇంజిన్ ఫోర్డ్ వీ8, సుమారు 85 హార్స్‌పవర్, బండి మధ్యలో ఉంటుంది. బిగుసుకుపోయి ఉంటే బండి కట్టి లాగించొద్దు, టెన్షన్ పడి సుత్తి తీయొద్దు. స్పార్క్ ప్లగ్‌లు తీసి సిలిండర్లలో డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలేసి, తర్వాత చేత్తో తిప్పి చూడండి. ఈ ఇంజిన్‌లో పొగ దారి సిలిండర్ బ్లాక్ లోపలి నుంచే పోతుంది కాబట్టి తొందరగా వేడెక్కుతుంది, బ్లాక్‌లు పగిలే జబ్బు కూడా ఉంది. మన మే నెల ఎండకు రేడియేటర్ కోర్ కొత్తది వేయించాల్సిందే.

స్టీరింగ్ మాత్రం చూసి తీరాలి. కొంచెం తిప్పితే ముందు చక్రాల జత పక్కకు జరిగి చైన్‌నే విల్లులా వంచుతుంది, బండి మెల్లగా తిరుగుతుంది. ఇంకా తిప్పితే ఒక పక్క చైన్‌కు బ్రేకు పడుతుంది. ఆ కాలానికి ఎంత తెలివైన పనో!

కాగితాల విషయం. పోలీస్ యాక్షన్ కథకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు, మన తెలంగాణలో ప్రతి పాత మిలటరీ బండికీ ఆ కథ ఉంటుంది. బండికి బిగించిన తయారీ నంబర్ ప్లేటు, మొదటి వేలం కాగితం, అక్కడి నుంచి యార్డు దాకా బిల్లులు చూపించమనండి. లోపల తూటాలు, గుండ్లు లాంటివి కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. బ్రెన్ గన్ ఆటోమేటిక్ ఆయుధం, ఆయుధాల చట్టం కింద నిషిద్ధం. బండి మీదికి కర్రతో చేసిన బొమ్మ చాలు.

జాతర మాట మాత్రం మర్చిపోండి. 2021లో వచ్చిన వింటేజ్ రూల్ 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లకే. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. చైన్ బండి అందులోకి రాదు. మీ పొలంలో, మీ గేటు లోపల నడుపుకోండి. బయటికి తీసుకుపోవాలంటే లారీ ఎక్కించండి, వెడల్పు రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ, బరువు నాలుగు టన్నుల లోపే కాబట్టి కష్టం లేదు.

ప్రశ్న: సార్, పరకాలలో మా కాలేజీ ముందు టీ-55 ట్యాంకు పెట్టాలని పూర్వ విద్యార్థులం అనుకుంటున్నాం. ఎక్కడ కొనాలి?

జవాబు: కొనడం గురించి ఆలోచించకండి. వాడుక నుంచి తీసేసిన ట్యాంకులను సైన్యమే విద్యాసంస్థలకు, స్మారకాలకు ప్రదర్శన కోసం ఇస్తుంది. కాలేజీ పేరు మీద దరఖాస్తు ఎట్లా పెట్టాలో హనుమకొండలో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అసలు ఖర్చు తేవడంలో ఉంది. బరువు 36 టన్నులు, వెడల్పు 3.27 మీటర్లు, మామూలు లారీకి అనుమతించే వెడల్పు 2.6 మీటర్లే. లోబెడ్ (ఎత్తు తక్కువ) ట్రైలర్, ముందే పర్మిషన్, దించడానికి పెద్ద క్రేన్, కింద గట్టి కాంక్రీటు, ఇవన్నీ చందాల లెక్కలో రాసుకోండి. వచ్చాక హ్యాచ్‌లు (మనుషులు దిగే మూతలు) వెల్డింగ్ చేయించి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉంచండి. మూసేస్తే రెండు వానాకాలాల్లో లోపల చెరువవుతుంది.

ప్రశ్న: పాత మిలటరీ బండి రంగు గీకి కొత్తగా వేయాలి. జాగ్రత్తలు? (జమ్మికుంట)

జవాబు: పాత రంగులో సీసం ఉంటుంది. పొడిగా గీకొద్దు, తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చీకట్లో మెరిసేలా చేసిన పాత మీటర్ల ముళ్లు, అంకెల మీద రేడియం రంగు ఉండొచ్చు, వాటి అద్దం అసలు విప్పొద్దు. కవచం ప్లేటు పగిలితే మామూలు రాడ్‌తో అతికించొద్దు, అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. ప్లేటు ముందు వేడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్ వాడే వెల్డర్‌కే పని ఇవ్వండి.