మీ నాన్నవాళ్ళ బ్యాండ్ కథ రాసే ముందు

చి. అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్నవాళ్ళ రాక్ బ్యాండ్ చరిత్ర రాస్తానన్నావట. చాలా సంతోషం. రెండేళ్ళు కూడా నిలవని బ్యాండ్‌కి చరిత్రేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకు. తిరుపతిలో కచేరీ అంటే వయొలిన్, మృదంగమే అనుకునే రోజుల్లో ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని స్టేజీ ఎక్కిన పిల్లలు వాళ్ళు. మైక్ సెట్ నాదే కాబట్టి వాళ్ళ టెన్షన్ దగ్గరుండి చూశాను.

అన్నిటికన్నా ముందు క్యాసెట్ సంగతి చూడు. అన్నమయ్య పాటలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి కదా, వాటిలో రాగం పేరుంది కానీ బాణీ లేదు. సాహిత్యం వేలకొద్దీ దక్కినా ఆయన ఎలా పాడాడో మనకు అందలేదు. మీ ఇంట్లో ఉన్న రిహార్సల్ క్యాసెట్‌కి ఇంకో కాపీ లేదు. దాన్ని ఆత్రంగా ప్లేయర్‌లో వేసేయకు. టేపు కనిపించే వైపుకి ఎదుటి అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి, వాటిని విరిచేయి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరగదు. టేపు మీద తెల్లగా బూజు కనబడితే అక్కడితో ఆపి, పని తెలిసినవాళ్ళకి ఇవ్వు. బాగుంటే ప్లేయర్‌లో టేపుని చదివే భాగాన్ని, అంటే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించు. ఎంపీత్రీ వద్దు. వేవ్ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో దాచు.

ఇంకో సంగతి. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. లోపల టేపుని తిప్పే రబ్బరు బెల్టు సాగిన ప్లేయర్‌లో మెల్లగా నడిచి శ్రుతి దిగిపోతుంది. గిటార్‌ని బట్టి సరిచేయకు, దాన్ని వాళ్ళ గొంతుకు తగ్గట్టు దించుకునేవాళ్ళు. కీబోర్డు ఒక్కటే వినిపించే చోటు వెతుకు. దాని ‘ఎ’ స్వరం మామూలుగా 440 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. దానికి సరిపెడితే మీ నాన్న గొంతు ఆ వయసులో ఎలా ఉండేదో అలాగే వింటావు.

ఇక మనుషులు. ఒక్కొక్కరితో విడిగా కూర్చో. అందరూ ఒకచోట చేరితే గట్టిగా మాట్లాడేవాడి మాటే చరిత్ర అయిపోతుంది. డ్రమ్మర్‌తో మొదలుపెట్టు, అతన్ని ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అడగలేదు. తెగిన తీగలకి బదులు మద్రాసు నుంచి కొత్తవి ఎవరు తెచ్చేవాళ్ళు, డ్రమ్స్ ఎవరి మిద్దె మీద ఉండేవి, ఏ తల్లి దాచుకున్న డబ్బిచ్చింది, ఇవన్నీ అడుగు. తేదీలు ఎవరికీ గుర్తుండవు. గంగజాతరకి ముందా, తర్వాతా అని అడిగితే టక్కున చెబుతారు, జాతర వచ్చేది మే నెలలో. పాత కరపత్రాలు వెతికేటప్పుడు చిత్తూరు జిల్లా అనే వెతుకు, తిరుపతి జిల్లా 2022లో కదా ఏర్పడింది.

ఎందుకు విడిపోయారంటే తలా ఒక మాట చెబుతారు. ఎవరి మాట వారి పేరు మీదే రాయి, తీర్పు ఇవ్వకు. గొడవలు ఉన్నాయి కానీ, డిగ్రీలు అయిపోవడమే అసలు కారణమని నేననుకుంటాను. ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి గాంధీ రోడ్డులో వాళ్ళ నాన్న కొట్టు బాధ్యత మీద పడింది. మీ నాన్న దీనికి ఒప్పుకోకపోవచ్చు. అదీ రాయి.

కీబోర్డు అబ్బాయి ఇప్పుడు లేడు. వాళ్ళావిడకి ముందే ఫోన్ చేసి వెళ్ళు. ఫోటోలు ఇంటికి తెచ్చుకోకుండా అక్కడే ఫోన్‌లో తీసుకుని ఆమె చేతికి ఇచ్చేయి. వెళ్ళేటప్పుడు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకెళ్ళు.

నా పాత క్యాసెట్ డెక్‌కి ఆదివారంలోపు కొత్త బెల్టు వేయిస్తాను. వచ్చేటప్పుడు క్యాసెట్ కవర్ కూడా తీసుకురా, పాటల వరుస దాని మీదే రాసి ఉంటుంది.

మీ పెదనాన్న