కుండీ మిరపలో ముడుచుకున్న చిగుళ్లు, పండిపోతున్న కింది ఆకులు: ముందు ఏం చూడాలి

మీ మిరప మొక్కకు చిగుళ్లు ముడుచుకుపోయాయి, కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, ఎరువు వేసినా వేపనూనె కొట్టినా మార్పు లేదు. ఇదీ మీ ప్రశ్న. ఈ రెండు లక్షణాలకూ ఒకటే కారణం అనుకోవద్దు. చిగురు ముడత చాలావరకు పురుగు పని. కింది ఆకు పండిపోవడం ఎక్కువగా వేరు దగ్గర మొదలయ్యే సమస్య. రెండూ ఒకే మొక్కకు ఒకేసారి రావడం మామూలే కాబట్టి విడివిడిగా చూడండి.

ముడత సంగతి ముందు. ఆకు అంచులు ఎటు తిరిగాయి? పైకి లేచి ఆకు పడవలా కనిపిస్తే అది పై ముడత, తామర పురుగుల వల్ల వస్తుంది. అంచులు కిందికి వంగి పడవ బోర్లించినట్టుంటే కింద ముడత, అది తెల్లనల్లి పని. తామర పురుగులు గీకిన చోట ఆకు అడుగున వెండిరంగు మెరుపు వస్తుంది, తర్వాత అది గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లి పట్టిన మొక్కలో ఆకు సన్నబడి కాడ సాగినట్టు పొడవవుతుంది, చిగురు గిడసబారిపోతుంది.

తేల్చుకోవడానికి తెల్ల కాగితం చాలు. చిగురు కింద కాగితం పట్టి కొమ్మను నాలుగైదు సార్లు తట్టండి. మిల్లీమీటరు పొడవున్న సన్నటి, లేత పసుపు లేదా ముదురు రంగు పురుగులు పాకుతుంటే తామర పురుగులే. పూలను కూడా ఇలాగే దులపండి, అవి లోపల దాక్కుంటాయి. తెల్లనల్లి మాత్రం కాగితం మీద దొరకదు. అది దాదాపు 0.2 మిల్లీమీటర్లు, మామూలు కంటికి ఆనదు. లేత ఆకు అడుగుభాగాన్ని 20 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడాలి. అద్దం లేకపోతే కాగితం శుభ్రంగా ఉండి అంచులు కిందికే తిరిగి ఉండడాన్ని బట్టి నల్లిని అనుమానించవచ్చు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది: ఒకదాని మందు రెండోదానికి చాలాసార్లు పనిచేయదు. నల్లి కీటకం కాదు, సాలీడు జాతికి దగ్గరిది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి రసం పీల్చే పురుగుల మందు దాన్ని చంపదు. పైగా నల్లిని తినే మేలు చేసే పురుగులు పోతే నల్లి ఇంకా పెరగవచ్చు. ముడత కనిపించగానే ఏదో ఒక పురుగుమందు కొట్టేయడం ఇంటి మొక్కలకు చేసే పెద్ద హాని అని నా గట్టి అభిప్రాయం.

వేపనూనె పనిచేయలేదన్నారు. చాలామంది నూనెను నేరుగా నీళ్లలో పోస్తారు, అది పైన తేలిపోతుంది. 5 మి.లీ. వేపనూనెను 1 లేదా 2 మి.లీ. ద్రవ సబ్బుతో ముందు బాగా కలిపి, ఆ తర్వాత కొద్దికొద్దిగా లీటరు గోరువెచ్చని నీళ్లు పోస్తూ గిలకొట్టండి. తెల్లగా పాలలా మారాలి. కలిపింది ఆరోజే వాడేయాలి. సాయంత్రం, ఎండ పోయాక, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. పైన మాత్రమే కొడితే పురుగుకు తగలదు. తామర పురుగు గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి, కొన్ని దశలు మట్టిలో గడుస్తాయి. అందుకే ఒక్కసారితో తెగదు, 5 నుంచి 7 రోజుల ఎడంతో కనీసం మూడుసార్లు కొట్టాలి.

నల్లి అయితే బాగా ముడుచుకున్న చిగుళ్లను తుంచి సంచిలో మూటకట్టి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. తర్వాత నీటిలో కలిసే 80 శాతం గంధకం పొడి, లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టవచ్చు. నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడితే ఆకు మాడుతుంది, మీరు ఇప్పటికే వేపనూనె కొట్టారు కాబట్టి ఆ గడువు చూసుకోండి. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లోనూ గంధకం వద్దు. కాయలు కోసే ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద చూడండి.

ముడతకు మూడో కారణం బొబ్బర తెగులు. ఆకులు చిన్నవై గుత్తిగా వస్తాయి, ఈనెలు ఉబ్బుతాయి, లేత, ముదురు మచ్చలు కలగలిసి కనిపిస్తాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది, మందు లేదు. ఆ మొక్కను పీకేయడమే మిగతావాటికి రక్ష.

ఇక కింది ఆకుల పసుపు. ఎరువు ఆపి, మట్టిలోకి వేలు రెండు కణుపులు దించండి. అక్కడ తడిగా ఉండగానే మొక్క వాలిపోతుంటే వేళ్లకు గాలి అందడం లేదు. కుండీ అడుగున కన్నాలు మూసుకుపోయాయేమో చూసి, మట్టిగడ్డను మెల్లగా బయటికి తీయండి. తెల్లగా గట్టిగా ఉంటే వేళ్లు బాగున్నట్టు. గోధుమ రంగులో మెత్తబడి వాసన వస్తే కుళ్లు. ఈ స్థితిలో ఎరువు వేస్తే ఇంకా చెడుతుంది. కుళ్లిన వేళ్లు కత్తిరించి నీరు త్వరగా దిగే మట్టిలోకి మార్చండి.

వేళ్లు బాగుంటే అప్పుడే పోషకాల సంగతి. నత్రజని, మెగ్నీషియం, పొటాషియం మొక్కలో కదలగలవు. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల నుంచి లాగి చిగురుకు పంపుతుంది, అందుకే కింద మొదలవుతుంది. ఆకు మొత్తం ఒకేలా వెలవెలబోతే నత్రజని. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం. అంచులు కాలినట్టు ఎండితే పొటాషియం. ఇనుము అలా కదలదు కాబట్టి దాని కొరత చిగురు ఆకుల్లో, పచ్చటి ఈనెల మధ్య పసుపుగా కనిపిస్తుంది. అలాంటప్పుడు తరచూ మట్టిలో ఇనుము ఉంటుంది, పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువై వేరు తీసుకోలేదు. మిరపకు 6 నుంచి 6.8 మధ్య పీహెచ్ సరిపోతుంది. మెగ్నీషియానికి లీటరు నీటిలో 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ కలిపి వారం ఎడంతో మొత్తం రెండుసార్లు ఆకుల మీద కొట్టండి. నత్రజనికి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్ చాలు. యూరియా వద్దు: లేత మెత్తని ఆకు రసం పీల్చే పురుగుల్ని రప్పిస్తుంది.

ఆకు కొసలు మాడి, మట్టి పైన తెల్లటి పొర కట్టి ఉంటే ఎరువు ఎక్కువైంది. వేళ్లు బాగున్న 10 లీటర్ల కుండీకి 20 నుంచి 30 లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోసి కడిగేయండి, తర్వాత రెండు వారాలు ఏమీ వేయొద్దు.

ఇప్పటికే ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు, పండిన ఆకు తిరిగి పచ్చబడదు. కొత్తగా వచ్చే చిగురునే చూడండి, అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. అంచులు ఎటు తిరిగాయో, పసుపు పడ్డ ఆకుల్లో ఈనెలు ఏ రంగులో ఉన్నాయో, వేళ్లు ఎలా ఉన్నాయో చెబితే కచ్చితంగా ఏదో తేల్చవచ్చు.