ఎడారి మట్టిలోని పాచి కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

అమలాపురం దగ్గర దాళ్వా మడిలో తేలే పాచి లాంటిదే ఎడారిలోనూ ఉంటుందా, అందులో ఒకటి కొత్త జాతి అని ఎలా చెబుతారు అని ఒకరు అడిగారు.

ఉంటుంది. మనం నీలి ఆకుపచ్చ నాచు అనేది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా అనే బాక్టీరియా. మన మడిలో దానికి నీళ్లకు కొదవ లేదు. ఎడారిలోనివి జిగురు తొడుగులో ఎండిపోయి పడుంటాయి, చినుకు పడితే నిమిషాల్లో లేస్తాయి. వాటిలో మైక్రోకోలియస్ అనే రకం దారాలైతే ఇసుక రేణువులను పట్టి ఉంచి నేల మీద పెచ్చు కడతాయి.

ఆ పెచ్చులోంచి ఒకే ఒక్క దారాన్ని వేరుచేసి ల్యాబ్‌లో పెంచడమే అసలు తలనొప్పి. వేరే బాక్టీరియా వెంట వస్తూనే ఉంటాయి. తర్వాత మైక్రోస్కోపులో చూస్తారు. కానీ కంటిని పూర్తిగా నమ్మలేం: వెలుతురు, పోషకాలు మారితే ఒకే రకం రూపు మార్చేస్తుంది. అచ్చం ఒకేలా ఉన్నవి దగ్గరి చుట్టాలే కాకపోవచ్చు. అందుకే బాక్టీరియా అన్నిటిలోనూ ఉండే, చుట్టరికం తేల్చడానికి వాడే 16ఎస్ అనే జన్యువును చదువుతారు. తెలిసిన జాతులతో పోలిక సుమారు 98.7 శాతం కంటే తగ్గితే కొత్తదని గట్టి అనుమానం. పోలిక అంతకంటే ఎక్కువున్నా వేరే జాతి కావచ్చు కాబట్టి, ఆ జన్యువు పక్కనున్న ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం నుంచి వచ్చే ఆర్ఎన్ఏ ఎలా మడతపడుతుందో కూడా పోల్చి చూస్తారు.

తమాషా ఏమిటంటే, బాక్టీరియా అయినా పేరు పెట్టేది ఎక్కువగా మొక్కలకు పేర్లు పెట్టే నియమావళి ప్రకారమే. వర్ణన రాసి, సాధారణంగా ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, దాచాలి. ల్యాబ్‌లో పెంచుతున్న బతికున్న కల్చర్ చెల్లదు. వర్ణన ఇంగ్లిష్‌లో ఉన్నా 2012 నుంచి ఒప్పుకుంటున్నారు, అంతకుముందు లాటిన్ తప్పనిసరి.